గిటారును పక్కన పెట్టిన బృందం

2000వ సంవత్సరం అక్టోబరు 2వ తేదీన ఇంగ్లండు దేశపు రికార్డు దుకాణాలలోనికి ‘కిడ్ ఏ’ అనే ఆల్బమ్ వచ్చినది. మరునాడు అమెరికాలో విడుదలైనది. దానిని వెలువరించినది రేడియోహెడ్ అనే ఐదుగురు సభ్యుల రాక్ బృందం. అంతకు మూడేండ్ల క్రితం వారు వెలువరించిన ‘ఓకే కంప్యూటర్’ అనే ఆల్బమ్ విమర్శకుల మన్నన పొంది, ఆ తరపు రాక్ సంగీతంలో వారిని ముందు వరుసన నిలిపినది. మూడు గిటారులు కలిసి గోడవలె లేచే ధ్వని, ఆ గోడ మీదినుండి సన్నగా, ఎత్తుగా వినవచ్చే ఒక యువకుని గొంతు: రేడియోహెడ్ అనగానే జనానికి స్ఫురించేది ఇదియే. క్రొత్త ఆల్బమ్‌ను ఇంటికి తెచ్చుకొన్నవారు ఆ ఆశతోనే చెవి యొగ్గినారు.

మొదటి పాటలో గిటారు లేదు. డ్రమ్ములు వాయించే మనిషి కూడ వినిపించడు. ఎలక్ట్రిక్ కీబోర్డు మీద కొద్దిపాటి స్వరాల గుంపులు మెత్తగా తిరుగుతుంటవి. గాయకుని గొంతు ముక్కలై, వెనుకకు ముందుకు దొర్లి, మాట పూర్తి కాకముందే మరల మొదలవుతుంది. తాళం వేసుకొనే అలవాటున్నవారు ఆ పాటకు చేయి వేసి చూచినచో ఆవర్తానికి పది దెబ్బలు వస్తవి. ఝంపె తాళం ఎరిగిన మనకు పది అక్షరాలు వింత కాదు. నాలుగు దెబ్బల నడకకు అలవడిన రాక్ శ్రోతకు మాత్రం అడుగు ఎక్కడ మోపవలెనో తోచదు. ‘ఎవ్రిథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ అని ఆ పాటకు పేరు. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నవని దాని అర్థం. విన్నవారిలో చాలమందికి ఏదీ ఉండవలసినచోట ఉన్నట్లు తోచలేదు.

కీర్తి శిఖరం మీద ఉండగా, ఆ కీర్తిని తెచ్చిపెట్టిన ధ్వనినే విడిచిపెట్టడానికి ఐదుగురు మనుషులను పురికొల్పినది ఏమిటి? అందుకు వారిలో ఎవరెవరు ఏమేమి వదలుకొనవలసి వచ్చినది? ఈ ప్రసంగంలో ఆ చరిత్రను చెప్పదలచినాను.

ముందుగా ఆల్టర్నేటివ్ రాక్ అనే మాటను గురించి రెండు ముక్కలు. 1980 దశకంలో పెద్ద కంపెనీల అచ్చులో పోసిన రాక్ సంగీతానికి ప్రత్యామ్నాయంగా చిన్న చిన్న బృందాలు, చిన్న కంపెనీలు ఒక సంగీతాన్ని పెంచినవి. అమెరికాలో దానికి ఆశ్రయమిచ్చినవి కళాశాలల విద్యార్థులు నడుపుకొనే రేడియో నిలయాలు. 1991లో నిర్వాణ అనే బృందం వెలువరించిన ‘నెవర్‌మైండ్’ లక్షల సంఖ్యలో అమ్ముడుపోయినప్పటినుండి ఆ ప్రత్యామ్నాయమే రాజమార్గమైనది. పేరు మాత్రం అట్లే నిలిచినది. రేడియోహెడ్ ఈ రాజమార్గం తెరచుకొన్న వేళకు బయలుదేరిన బృందం.

వారు ఐదుగురూ ఆక్స్‌ఫర్డు సమీపంలోని ఆబింగ్డన్ పాఠశాలలో చదువుకొన్నవారు. పాడేవాడు, పాటలు కట్టేవాడు టామ్ యార్క్. గిటారుకు ఎడ్ ఓబ్రయన్, జానీ గ్రీన్‌వుడ్. బేస్ గిటారుకు జానీ అన్నగారైన కాలిన్ గ్రీన్‌వుడ్. డ్రమ్ములకు ఫిలిప్ సెల్వే. యార్క్ కూడ గిటారు పట్టేవాడు గనుక మొత్తం మూడు గిటారులు. 1985లో కలిసినారు. పాఠశాలలోని సంగీతపు గదిలో శుక్రవారంనాడు సాధన చేసుకొనేవారు గనుక ‘ఆన్ ఎ ఫ్రైడే’ అని పేరు పెట్టుకొన్నారు. పైచదువులకు తలొక ఊరికి పోయినా, సెలవులలో ఇంటికి వచ్చి సాధన సాగించినారు. 1991లో ఈఎంఐ కంపెనీ ఆరు ఆల్బములకు ఒడంబడిక చేసుకొని, ఆ శుక్రవారపు పేరు మార్చుకొమ్మన్నది. టాకింగ్ హెడ్స్ అనే అమెరికను బృందం పాట ఒకటి ‘రేడియో హెడ్’ అని ఉన్నది. ఆ రెండు మాటలనూ కలిపి పేరు చేసుకొన్నారు. రేడియో పత్రికలో వీరి ముచ్చట వ్రాయడానికి నాకు ఆ పేరే సగం సాకు.

వారి మొదటి ప్రసిద్ధికి కూడ రేడియోయే కారణం. 1992లో ‘క్రీప్’ అనే పాట వచ్చినది. మరీ దిగులు పుట్టించేదిగా ఉన్నదని బి.బి.సి. రేడియో 1 దానిని తన పట్టికలో చేర్చుకొనలేదు. ఎక్కడో ఇజ్రాయెల్‌లో యోవ్ కుట్నర్ అనే రేడియో ప్రయోక్త దానిని మరల మరల ప్రసారం చేసినందున ఆ దేశంలో మారుమ్రోగినది. తరువాత అమెరికా పశ్చిమ తీరపు నిలయాలు అందుకొన్నవి. 1993లో ఇంగ్లండులో దానిని మరల విడుదల చేసినప్పుడు ఏడవ స్థానం వరకు ఎక్కినది. పాట మెల్లగా నడుస్తుండగా పల్లవికి ముందు గిటారు రెండు మూడు మొరటు దెబ్బలు కొడుతుంది. పాట మరీ నెమ్మదిగా ఉన్నదని విసుగుతో జానీ గ్రీన్‌వుడ్ కొట్టిన దెబ్బలవి. చెడగొట్టడానికని కొట్టినవే ఆ పాటకు ఆనవాలైనవి.

ఒక్క పాటకు బందీ అగుట ఎటువంటిదో వారికి అప్పుడే తెలిసివచ్చినది. ఏ ఊరికి పోయినా సభలోనివారు ‘క్రీప్’ వినడానికి వచ్చేవారు. అది కాగానే లేచిపోయేవారూ ఉండేవారు. 1995లో వచ్చిన ‘ది బెండ్స్’ వారికి ఒక్కపాట బృందమనే పేరు తప్పించినది. 1997 నాటి ‘ఓకే కంప్యూటర్’ ప్రపంచ ఖ్యాతి తెచ్చినది. దానిలో ఎక్కువ భాగాన్ని బాత్ నగరం దగ్గర సెయింట్ కాథరిన్స్ కోర్ట్ అనే పాత భవనంలో ముద్రించినారు. నైజెల్ గాడ్రిచ్ అనే యువ ధ్వనినిపుణుడు వారికి తోడైనాడు. అప్పటినుండి ఆయనను ఆరవ సభ్యునిగా లెక్కించవచ్చును.

ఇక కచేరీ యాత్రలు. నెలల తరబడి ఒక ఊరు తరువాత ఒక ఊరు. పగలు పత్రికలవారి ప్రశ్నలు, రాత్రి వేదిక. గ్రాంట్ గీ అనే దర్శకుడు ఆ యాత్రను ‘మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ’ అనే చిత్రంగా తీసినాడు. దానిలో ఉత్సాహం కన్న అలసట ఎక్కువ కనబడుతుంది. 1997 నవంబరులో బర్మింగ్‌హామ్ కచేరీ ముగిసిన తరువాత యార్క్ వేదిక వెనుక గదిలో కూర్చుండి, ఎవరేమడిగినా మాట పెకలక ఉండిపోయినాడు. ఆ తరువాత చాలకాలం ఆయనకు పాట కట్టడం చేతకాలేదు. మొదలు పెట్టిన ప్రతి పాటా సగంలో ఆగిపోయేది. దీనికి తోడు, రేడియో తిప్పితే తమవంటి గిటారులతో, తనవంటి గొంతుతో పాడే బృందాలు నాలుగు వినవచ్చేవి. తన గొంతు తనకే అనుకరణగా వినిపించినప్పుడు గాయకుడు ఏమి చేయవలెను?

యార్క్ ఇంగ్లండు నైరుతి కొనలోని కార్న్‌వాల్‌లో ఒక ఇల్లు కొని, సముద్రపుటొడ్డున తిరిగి, ఒక పియానో తెచ్చుకొని దానిమీద పాటలు వెదకినాడు. పియానో ఆయన గట్టిగా నేర్చినది కాదు. నేర్వని వాద్యం కనుకనే చేతులు పాత దారిన పోవనేరవు. ఇంకొక ప్రక్క, వార్ప్ అనే చిన్న కంపెనీ వెలువరించిన రికార్డులన్నీ తెప్పించుకొని విన్నాడు. ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ మొదలైనవారు చేసిన ఆ సంగీతంలో చాలవరకు గాయకుడుండడు. కథానాయకుని వంటి గొంతుక లేని సంగీతం అలసిన గాయకునికి విశ్రాంతి అయినది. ఈ భాగం నాకు సులభంగానే అర్థమవుతుంది. దినమంతా మాటలు చదివి వచ్చిన ప్రయోక్త ఇంటికి పోయి మాటలు లేని వీణ వినగోరడం మాలో కొందరికి అలవాటే.

కాని బృందమంటే ఒక్కడు కాదు. 1999 జనవరిలో ఐదుగురూ గాడ్రిచ్‌తో కూడ పారిస్‌లో చేరినప్పుడు యార్క్ వద్ద ఉన్నవి సగం సగం తునకలు: ఒక మోత, ఒక లయ, ఒక ధ్వని. పూర్తి పాటలు లేవు. గడువు పెట్టుకొనలేదు. పాట ముందు, ధ్వని తరువాత అనే పాత పద్ధతికి అలవడిన తక్కినవారికి ఎక్కడ పట్టుకొనవలెనో తెలియలేదు. ఎడ్ ఓబ్రయన్ అభిప్రాయం వేరు. గత ఆల్బమ్ పెద్ద పెద్ద కట్టడాలతో నిండినది గనుక ఈసారి చిన్నవి, రాగం ప్రధానంగా ఉన్నవి, గిటారు పాటలు చేద్దామని ఆయన తలంపు. అది తెలివితక్కువ తలంపు కాదు. చాల బృందాలు ఆ దారినే పోయి సుఖంగా బ్రతికినవి. యార్క్‌కు మాత్రం రాగం పేరెత్తితే విసుగు పుట్టే కాలమది. ఆయనకు కావలసినది లయ.

మార్చిలో కోపెన్‌హాగన్ పోయినారు. రెండు వారాల శ్రమకు ఫలితం సుమారు 50 టేపు చుట్టలు. వానిలో పూర్తి అయిన పాట ఒక్కటి కూడ లేదు. ఏప్రిల్‌లో గ్లాస్టర్‌షైర్‌లోని బాట్స్‌ఫర్డ్ పార్కు భవనానికి మారినారు. అక్కడ కూర్చుండి తేల్చుకొన్నది ఇది: విడుదలకు తగిన ఆల్బమ్ అని ఐదుగురికీ నచ్చినది తయారు కాని పక్షంలో బృందాన్ని రద్దు చేసుకొనుట. పదునాలుగేండ్ల స్నేహం, బడి దినాలనుండి కలిసిన చేతులు, ఐదుగురి జీవనోపాధి ఒక షరతు మీద నిలిచినవి. జూలైనుండి ఓబ్రయన్ తమ పని ఎట్లు నడుస్తున్నదో వ్రాసి అందరూ చదువునట్లు ఇంటర్నెట్టులో పెడుతూ వచ్చినాడు. ఈనాడు ఈ చరిత్ర ఇంత వివరంగా చెప్పుకొనగలగడానికి ఆ దినచర్య ఒక ఆధారం.

డ్రమ్ముల మనిషి సంగతి ఆలోచించండి. ఫిలిప్ సెల్వే చేతిలోనిది ఒక్క విద్య. యంత్రం వేసే లయకు అలసట లేదు, తప్పు లేదు, దానికి భోజనం అక్కరలేదు. గాయకుడు ఆ యంత్రాన్ని మెచ్చి తెచ్చుకొన్నప్పుడు, ప్రక్కన కూర్చున్న మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకొనవలెనో తెలియదు. గిటారు వాయించేవారి పరిస్థితీ అట్టిదే. కొన్ని దినాలు ఎవరికీ పని లేక స్టూడియోలో కూర్చుండి ఒకరి ముఖం ఒకరు చూచుకొనేవారు. ఇటువంటి సమయాలలో బృందాలు సాధారణంగా విడిపోతవి. వీరు విడిపోక నిలుచుటకు గాడ్రిచ్ చేసిన ఒక చిన్న ఉపాయం తోడ్పడినది. ఆయన వారిని రెండు జట్లుగా చేసి, రెండు గదులలో కూర్చుండబెట్టినాడు. ఒక గదిలో ఒక ధ్వని పుట్టితే దానిని రెండవ గదికి పంపుట. అక్కడివారు దానిని మార్చి ముందుకు నడుపుట. షరతు ఏమనగా, గిటారు గాని డ్రమ్ములు గాని ముట్టరాదు. తన వాద్యం వెనుక దాగుకొనే వీలు ఎవరికీ లేకపోయినది. అందరూ ఒకే తరగతిలో చేరిన పిల్లలైనారు. సింథసైజరు మీటలు త్రిప్పడం క్రొత్తగా నేర్చుకొంటూ, తమ వాద్యం లేని పాటలో కూడ తమకు చోటున్నదని మెల్లగా గ్రహించినారు. మొదట చెప్పిన ఆ పది దెబ్బల పాటను యార్క్, గాడ్రిచ్ ఇద్దరే కూర్చుండి పియానోనుండి సింథసైజరుకు మార్చి తయారు చేసినారు. తక్కినవారిలో కొందరి వాద్యాలు దానిలో వినబడవు. అది విని వారు ఒప్పుకొన్న దినమే ఈ ఆల్బమ్ నిజంగా పుట్టినదని నా అభిప్రాయం. వాయించక ఊరకుండడం కూడ బృందసభ్యుని పనులలో ఒకటి. మన పక్కవాద్య విద్వాంసులు దానిని బాగుగా ఎరుగుదురు.

సెప్టెంబరునుండి ఆక్స్‌ఫర్డు ప్రాంతంలో తాము కట్టుకొన్న సొంత స్టూడియోలో పని చకచక సాగినది. 2000 ఏప్రిల్ నాటికి ముగిసినది. అప్పటికి చేతిలో ఇరువదికి పైగా పాటలున్నవి. పది పాటలు ఈ ఆల్బమ్‌లో చేరినవి.

ఆ పదింటిలో కొన్నింటి వెనుక చరిత్ర వినదగినది. ‘ఇడియోటెక్’ అనే పాటకు మూలం జానీ గ్రీన్‌వుడ్ పాత సింథసైజరు మీద దాదాపు 50 నిమిషాలు చేసిన ధ్వనుల పోగు. యార్క్ దానినంతా ఓపికగా విని, ఒక నిమిషమైనా లేని చిన్న తునకను ఏరుకొన్నాడు. ఆ తునకలో నాలుగు స్వరసముదాయాలున్నవి. అవి గ్రీన్‌వుడ్‌వి కావు. అమెరికాలో పాత రికార్డుల దుకాణంలో కొన్న ఒక రికార్డులోనివి. పాల్ లాన్‌స్కీ అనే ప్రిన్స్‌టన్ స్వరకర్త 1973లో విశ్వవిద్యాలయపు ఐబీఎం కంప్యూటరుతో చేసిన రచన అది. గదినిండా ఉండే ఆ కాలపు యంత్రంతో ఒక్కొక్క ధ్వనిని లెక్క కట్టి చేసినది. లాన్‌స్కీ తన రచనకు పేరును, స్వరాల పొందికను తీసుకొన్నది జర్మను స్వరకర్త వాగ్నర్ సంగీతనాటకం ‘ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డె’ నుండి. దాని తొలి ప్రదర్శన 1865లో మ్యూనిక్ నగరంలో జరిగినది. గ్రీన్‌వుడ్ అనుమతి కోరి వ్రాయగా లాన్‌స్కీ సంతోషంగా ఇచ్చినాడు. యువతీయువకులు గంతులు వేసే పాట అడుగున ఈ విధంగా 135 ఏండ్ల సొత్తు ఉన్నది. క్రొత్తదనమంతా గాలిలోనుండి పుట్టినదని తలచేవారు ఇటువంటివి గమనింపదగును.

‘ది నేషనల్ ఆంథమ్’ అనే పాటలో బేస్ గిటారు మోత యార్క్ పదహారేండ్ల వయసులో బడిలో కల్పించినది. దానిమీద ఎనిమిదిమంది ఇత్తడి వాద్యాలవారు జాజ్ స్వరకర్త చార్ల్స్ మింగస్ పద్ధతిని తలపించునట్లు ఒకరినొకరు త్రోసుకొంటూ ఊదుతారు. రద్దీలో బండి ఆగిపోయినప్పటి మనుషుల చిరాకు వినిపించవలెనని యార్క్ వారికి చెప్పినాడు. ‘హౌ టు డిసపియర్ కంప్లీట్‌లీ’ పాటకు తంత్రీవాద్యాలను తమ స్టూడియోకు కొద్ది మైళ్ల దూరంలోని డార్చెస్టర్ ఆబీ అనే ప్రాచీన దేవాలయంలో ముద్రించినారు. ఆ భాగాన్ని వ్రాసినవాడు జానీ. బృందంలో శాస్త్రీయ సంగీత శిక్షణ ఉన్నవాడు ఆయన ఒక్కడే. ‘ట్రీఫింగర్స్’ అనే పాటలో మాటలూ లేవు, తాళమూ లేదు. చలికాలపు పొగమంచువలె ఏదో ధ్వని ఆవరించుకొని ఉంటుంది. నిజానికి అది ఎడ్ ఓబ్రయన్ గిటారే. కంప్యూటరులో దానిని సాగదీసి, కరగించి, గుర్తు పట్టరాకుండ చేసినారు. గిటారు పాటలు కావలెనని వాదించినవాని గిటారు ఆల్బమ్ నడుమ అట్లు మారువేషంలో నిలిచినది.

ఈ ఆల్బమ్‌లో మా వృత్తికి దగ్గరి చుట్టమైన వాద్యం ఒకటున్నది. ఓండ్ మార్తెనో అని దానికి పేరు. వాల్వు రేడియోలున్న ఇండ్లలో పెరిగిన పెద్దలకు గుర్తుండియుండును: స్టేషనుకు స్టేషనుకు నడుమ ముల్లు త్రిప్పుతున్నప్పుడు పెట్టె ఒక్కొక్కసారి సన్నని ఈల వేసేది, త్రిప్పినకొలది ఆ ఈల పైకి పోయేది, క్రిందికి దిగేది. రెండు విద్యుత్ కంపనాలు ఒకదానితో ఒకటి తగిలి, వాని తేడా చెవికి వినబడే స్వరంగా మారడమే దానికి కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో వైర్‌లెస్ పని చేసిన మోరిస్ మార్తెనో అనే యువకుడు ఆ ఈలను విని, అది చెలో వాద్యపు గొంతువంటిదని గుర్తించినాడు. ఆయన చెలో వాయించేవాడు. యుద్ధానంతరం ఏండ్ల తరబడి శ్రమించి, 1928లో పారిస్‌లో తన వాద్యాన్ని వినిపించినాడు. దానికి పియానో వంటి మెట్లున్నవి. మెట్ల ముందు ఒక తీగె. ఆ తీగెకు ఒక ఉంగరం. వ్రేలికి ఉంగరం తొడుగుకొని ప్రక్కకు జరిపితే స్వరం జారుతుంది. ఎడమచేతి క్రింద ఒక మీట. అది నొక్కినకొలది ధ్వని పెరుగుతుంది. మెట్ల వాద్యాలకు సాధ్యం కాని జారుడు, కంపితం, అనగా మనం గమకమనేది, ఈ ఉంగరానికి సాధ్యమైనది. ఫ్రెంచి స్వరకర్త మెసియాన్ దీనికై ‘తురంగలీల’ అనే సింఫనీని వ్రాయగా 1949లో బోస్టన్‌లో తొలిసారి వాయించినారు. పేరు సంస్కృతమే. పదునైదేండ్ల వయసులో జానీ గ్రీన్‌వుడ్ ఆ సింఫనీ విని మోహపడినాడు. తరువాత సంపాదనపరుడైనప్పుడు ఆ వాద్యాన్ని తెచ్చుకొని నేర్చుకొన్నాడు. మార్తెనో 1980లో మరణించినాడు. ఆ వాద్యాలు కొద్దిగానే మిగిలి ఉండగా, ఒక రాక్ ఆల్బమ్ దానిని క్రొత్త తరానికి పరిచయం చేసినది. ‘కిడ్ ఏ’ అనే పాటలోనైతే యార్క్ మాటలే ఈ వాద్యపు స్వరం ద్వారా పలుకుతవి. గొంతు యార్క్‌దే, స్వరం గ్రీన్‌వుడ్ చేతిది.

విడుదల చేసిన తీరు కూడ కంపెనీలకు కొరుకుడు పడనిది. ప్రత్యేకించి ఒక్క పాటనైనా సింగిల్‌గా అమ్మలేదు, వీడియో తీయలేదు. కొద్ది క్షణాలుండే చిన్న చిన్న బొమ్మల తునకలు మాత్రం ప్రచారానికి వదలినారు. యూరపులో ప్రకటనల బోర్డులు లేని సొంత గుడారం వేసుకొని కచేరీలు చేసినారు. ఆ వేసవి యాత్రలో ఒక విచిత్రం జరిగినది. బార్సెలోనాలో పాడిన పాటలు మరునాటికే నాప్‌స్టర్ అనే ఇంటర్నెట్టు పంపకంలోనికి ఎక్కినవి. మూడు వారాల తరువాత ఇజ్రాయెల్ చేరినప్పుడు, ఇంకా అచ్చుకాని పాటలను సభవారు మాటలతో సహా పాడుతుంటే అది అద్భుతంగా ఉన్నదని కాలిన్ చెప్పినాడు. ఎనిమిదేండ్ల క్రితం ఆ దేశానికే వారి పాట రేడియో తరంగాలమీద ముందుగా చేరినది.

ఉచితంగా దొరికిన ఆల్బమ్‌ను కొనేవారెవరని వ్యాపారులు భయపడినారు. మొదటి వారంలోనే అమెరికాలో 2,07,000 ప్రతులు అమ్ముడుపోయి, పట్టికలో మొదటి స్థానం వచ్చినది. ‘ఓకే కంప్యూటర్’ అక్కడ 21వ స్థానం దాటలేదు.

విమర్శకులు చీలిపోయినారు. ఇంగ్లండులో ‘మెలొడీ మేకర్’ వారపత్రిక ఘాటుగా తిట్టినది. ఆ పత్రికయే ఆ సంవత్సరాంతానికి మూతబడినది గాని, అది వేరే కథ. నవలాకారుడు నిక్ హార్న్‌బీ ‘న్యూయార్కర్’లో వ్రాసిన ఆక్షేపణ మాత్రం త్రోసిపుచ్చదగినది కాదు. ఇటువంటి ఆల్బమ్‌తో రాత్రుల తరబడి కూర్చుండగల ఓపిక పదహారేండ్లవానికుండును గాని, పగలంతా పనిచేసి, ఇల్లు సర్దుకొని, అలసిన మనిషికి ఎక్కడిదని ఆయన ప్రశ్న. రేడియో నడిపేవాడిగా నేను ఆ ప్రశ్నను ప్రతిదినమూ ఎదుర్కొంటాను. వంటింటిలో పని చేసుకొంటూ వినే గృహిణికి, దుకాణం కట్టివచ్చిన వర్తకునికి మనమేమి వినిపించవలెను? తెలిసినదే వినిపించితే వారు సుఖపడుదురు. ఎల్లప్పుడూ తెలిసినదే వినిపించితే వారికి తెలిసినది ఎన్నటికీ పెరుగదు. హార్న్‌బీ ప్రశ్న న్యాయమైనదే. కాని అలసినవారు క్రొత్తదానిని సహింపరని ముందే నిర్ణయించుట వారిని తక్కువ అంచనా వేయుట. ఆ మొదటి వారంలో కొన్న రెండు లక్షలమందిలో పదహారేండ్లవారే ఉన్నారని నేను నమ్మను.

వాద్యం మారినప్పుడెల్ల ఇటువంటి తగవు లేచినది. మన ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను తన నిలయాలనుండి బహిష్కరించినది. దాని మెట్లకు గమకం పలకదని కారణం. 1971 వరకు ఆ నిషేధం సాగినది. ఈలోపల నాటకాలు, భజనలు, హరికథలు ఊరూర హార్మోనియంతోనే నడిచినవి. ఇక వాయులీనం సంగతి చెప్పనక్కరలేదు. పరదేశినుండి వచ్చిన ఆ పెట్టె లేని కర్ణాటక కచేరీని ఈనాడు ఊహింపలేము.

‘కిడ్ ఏ’ను మెచ్చుకొనేవారు ఒక్కొక్కసారి హద్దు మీరుతారు. దానిలోని ధ్వనులు రాక్ శ్రోతలకు క్రొత్తవే గాని సంగీతానికి క్రొత్తవి కావు. ఏఫెక్స్ ట్విన్ మొదలైనవారు అంతకు ముందే చేసినారు; లాన్‌స్కీ వంటివారు ఇరువదియేడేండ్ల ముందు చేసినారు. నాకు ‘ట్రీఫింగర్స్’ ఈనాటికీ సాగదీసినట్లే వినబడుతుంది. వారి గొప్పతనం కనిపెట్టడంలో లేదు. పోగొట్టుకొనడానికి ఏమీ లేని ప్రయోగశాలలో చేసిన పనిని, ఎంతో పోగొట్టుకొనడానికి ఉన్నచోట నిలబడి చేసినారు.

2001 జూన్‌లో మిగిలిన పాటలతో ‘ఆమ్నీసియాక్’ వచ్చినది. 2003లో ‘హెయిల్ టు ది థీఫ్’తో గిటారులు తిరిగి ముందుకు వచ్చినవి, కాని పాత గోడవలె కాదు, పదిమందిలో ఒకరివలె. 2007లో ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ను కొనేవారు తమకు తోచిన వెల ఇచ్చి ఇంటర్నెట్టులో తీసుకొనవచ్చునని ప్రకటించి మరియొకసారి వ్యాపారులను కలవరపెట్టినారు. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 2009లో ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా ‘కిడ్ ఏ’ను ఎన్నినది. జానీ గ్రీన్‌వుడ్ చలనచిత్రాలకు సంగీతం వ్రాయడంలో పేరు పొందినాడు. 2015లో ఆయన, గాడ్రిచ్ మన దేశానికి వచ్చి జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ గాయకులతో, షై బెన్ సూర్‌తో కలిసి ‘జునూన్’ను ముద్రించినారు. అక్కడ ఆయన ముందు వరుసలో కూర్చుండలేదు. డోలు, ఇత్తడి వాద్యాల వెనుక గిటారుతో ఒదిగి ఉన్నాడు.

ఇక ఆ యంత్రపు పాటలను వేదికమీద ఎట్లు పాడినారనే ప్రశ్న మిగిలినది. యంత్రాన్ని ఆడించి ప్రక్కన నిలుచుండడం వారికి ఇష్టం లేకపోయినది. ఫిలిప్ సెల్వే డ్రమ్ముల ముందు కూర్చుండి, యంత్రం కోసం కట్టిన లయలను తన చేతులతో నేర్చుకొన్నాడు. ‘ఇడియోటెక్’లో జానీ సింథసైజరు ముందు మోకరిల్లి వైరులను ఒకచోటినుండి పెరికి ఒకచోట గ్రుచ్చుతుంటాడు. ‘ది నేషనల్ ఆంథమ్’ ఆరంభించే ముందు ఆయన ఒక చిన్న రేడియోను తీసికొని ముల్లు త్రిప్పుతాడు. కచేరీ ఏ ఊరిలో జరుగుతున్నదో ఆ ఊరి నిలయంలో ఆ నిమిషాన వస్తున్నది, వార్తలో, వాతావరణ సూచనలో, ఎవరో ఒక ప్రయోక్త మాటలో, బేస్ గిటారు మోతతో కలిసి సభలో వినబడుతుంది. తన గొంతు ఆ రాత్రి వేలమంది ముందు పాటలో చేరినదని, స్టూడియోలో కూర్చుండి కాగితం చదువుతున్న ఆ ప్రయోక్తకు తెలియదు.